సంఘంలో పురుషుల సహవాసం: నలుగురితో మొదలుపెట్టడం ఎలా

ఈ ఆదివారం ఆరాధన మొదలైన అరగంటకు ఒకసారి గుడి బయటికి వచ్చి చూడండి. ప్రహరీ గోడ పక్కన, చెట్టు నీడలో, బండ్ల మీద కూర్చుని కొందరు మగవాళ్లు కనిపిస్తారు. భార్యాపిల్లలను దింపి వెళ్లకుండా ఆగినవారు, ప్రసంగం అయ్యాక లోపలికి వద్దామనుకునేవారు, బల్ల ఆరాధన (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) రోజున మాత్రం తప్పక వచ్చేవారు. లోపల స్త్రీల వైపు చాపలు చాలక పిల్లలను ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. పురుషుల వైపు వెనుక వరుసలు ఖాళీగా ఉంటాయి.

స్త్రీలకు వారంవారం కూటం ఉంది. యవ్వనస్థులకు వాళ్ల సహవాసం ఉంది, పిల్లలకు సండే స్కూలు ఉంది. నలభై, యాభై ఏళ్ల మగవాడికి సంఘంలో దొరికేవి రెండే: పండుగ వస్తే షామియానా పని, లేదంటే కమిటీ మీటింగు. కూతురి పెళ్లి అప్పు గురించి, రాత్రి తాగి వచ్చి ఇంట్లో అరిచిన సంగతి గురించి, ఉద్యోగంలో తాను పెట్టకూడని చోట పెట్టిన సంతకం గురించి చెప్పుకోవడానికి అతనికి ఒక్క మనిషీ లేడు. పాస్టరు గారికి చెప్పాలంటే సిగ్గు. స్నేహితులకు చెబితే నవ్వుతారని భయం. అతను వేదాంతం చాలక కూలిపోవడం లేదు, తోడు లేక కూలిపోతున్నాడు. ఏడేళ్లుగా మా సంఘంలో పురుషుల సహవాసం నడుపుతూ నేను నేర్చుకున్నది ముఖ్యంగా ఇదే. కింద రాసినదంతా ఆ తోడును ఎలా ఏర్పరచాలన్న దాని గురించే.

1. నాలుగు ఆదివారాలు ఊరికే గమనించండి

వెంటనే ప్రకటన ఇప్పించకండి. బ్యానరు వేయించకండి. ఒక చిన్న పుస్తకం తీసుకుని నాలుగు ఆదివారాల పాటు మీ సంఘంలోని మగవాళ్ల పేర్లు రాసుకోండి. క్రమంగా వచ్చేవారు, బయటే ఉండిపోయేవారు, ఒకప్పుడు వచ్చి మానేసినవారు. మానేసినవారి పేర్ల దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఎప్పటి నుంచి రావడం లేదో గుర్తు చేసుకుంటే చాలాసార్లు ఒక సంఘటన తగులుతుంది: తండ్రి చావు, వ్యాపారంలో నష్టం, కమిటీ ఎన్నికల్లో గొడవ, భూస్థాపన రోజున సంఘం సరిగా నిలబడలేదన్న నొప్పి. ఈ పుస్తకం ఎవరికీ చూపించవద్దు. రోజుకు మూడు పేర్లు చొప్పున ప్రార్థన చేయండి.

తర్వాత పాస్టరు గారిని ఒంటరిగా కలవండి. "అయ్యగారూ, నలుగురం కలిసి వారానికోసారి కూర్చోవాలనుకుంటున్నాం. కానుక పట్టము, పదవులు పెట్టుకోము, ఎవరినీ ఎన్నుకోము. మీరు ఆశీర్వదించాలి" అని చెప్పండి. పదవులు లేవన్న మాట ఆయనకు పెద్ద ఊరట. మన సంఘాల్లో నలుగురు మగవాళ్లు విడిగా కూర్చుంటే వర్గం కడుతున్నారన్న అనుమానం వెంటనే పుడుతుంది, అది అకారణమైన అనుమానమూ కాదు. కాబట్టి సహవాసంలో సంఘ రాజకీయాలు మాట్లాడబోమని మొదటి రోజే మాట ఇవ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. సెక్రటరీ మీద ఫిర్యాదు ఉంటే దానికి వేరే వేదిక ఉంది.

2. ముగ్గురిని ఎంచుకోండి, ముప్పై మందిని కాదు

పక్షవాత రోగిని మంచంతో సహా ఎత్తుకుని, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందు దించినవారు నలుగురే. నలుగురు చాలు. ముప్పై మందిని పిలిస్తే అది ఇంకొక కూటం అవుతుంది: ఒకరు మాట్లాడతారు, మిగిలినవారు గడియారం చూస్తారు.

ఎవరిని పిలవాలి? బాగా ప్రార్థన చేసేవారినే పిలవాలనిపిస్తుంది. అలా చేయకండి. మాట దాచగలవాడు, చెప్పిన సమయానికి వచ్చేవాడు, తన తప్పు ఒప్పుకోగలవాడు, ఈ మూడు చూసుకోండి. గొంతు బాగుండటం, వాక్యం కంఠతా రావడం తర్వాతి సంగతి. మరొక నియమం పెట్టుకోండి, దీని మీద నేను పట్టుదలగా ఉంటాను: నలుగురూ ఒకే కుటుంబం, ఒకే కులం, ఒకే రకం జీతం వాళ్లు కాకూడదు. మన సంఘాల్లో ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, గుడి దాటగానే ఎవరి వీధికి వాళ్లు వెళ్లిపోయే అలవాటు ఇంకా పోలేదు. మా మొదటి నలుగురిలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఒక ఆటో డ్రైవరు, ఒక బట్టల దుకాణంలో గుమాస్తా, నేను. ఉపాధ్యాయుడు గారి ఇంట్లో ఆటో అన్న మొదటిసారి కుర్చీలో కూర్చుని టీ తాగిన రోజును నేను మరిచిపోలేను.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి. ఎస్. అజరయ్య మాట్లాడారు. ఆయన అప్పటికే దోర్నకల్లు ప్రాంతంలో సేవ చేస్తున్నారు. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇప్పుడు మాకు ప్రేమ కావాలి, స్నేహితులను ఇవ్వండి అని ఆ సభను అడిగారు. రెండేళ్ల తర్వాత, 1912లో ఆయనే దోర్నకల్లు బిషప్పు అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆ మాట ఆయన తెల్లవారితో అన్నది. అదే మాటను ఈ రోజు మన సంఘంలో వెనుక వరుసలో కూర్చున్న కూలివాడు ముందు వరుసలో కూర్చున్న ఉద్యోగితో అనవచ్చు. పేర్లు రాసుకునేటప్పుడు ఆ వెనుక వరుసను గుర్తుంచుకోండి.

పిలిచేటప్పుడు ఫోనులో సందేశం పంపకండి. ఇంటికి వెళ్లండి. "ఎనిమిది వారాలు వచ్చి చూడండి అన్నా, నచ్చకపోతే మానేయవచ్చు" అని గడువు పెట్టి చెప్పండి. గడువు ఉంటే మగవాడు ఒప్పుకుంటాడు. జీవితాంతం అంటే జంకుతాడు.

3. సమయం, చోటు

పల్లెలో అయితే నాట్లు, కోతల రోజుల్లో తెల్లవారుజామున ఎవరూ రారు, రాత్రి ఎనిమిదికి పెట్టండి. పట్టణంలో మాకు శనివారం ఉదయం ఐదున్నర కుదిరింది, ఆటో అన్నకు స్కూలు పిల్లల ట్రిప్పు లేని రోజు అది. షిఫ్టు డ్యూటీలు చేసేవారుంటే వారికి కుదిరేదే అందరి సమయం. గంటా పదిహేను నిమిషాలకు మించకూడదు. సమయానికి ముగించడం కూడా మర్యాదే.

చోటు గురించి రెండే మాటలు. కుర్చీలు గుండ్రంగా వేయండి, మైకు పెట్టకండి.

4. మొదటి రోజు

మొదటి కూటం ఎలా నడుస్తుందో దాదాపు అలాగే మిగిలినవన్నీ నడుస్తాయి, అందుకే దీన్ని కాస్త వివరంగా చెబుతాను.

మీరు పది నిమిషాల ముందు వెళ్లి చాప గానీ కుర్చీలు గానీ వేయండి. ఫ్లాస్కులో టీ పెట్టుకోండి. అందరూ వచ్చాక ఒక కీర్తన, ఒకే చరణం. తర్వాత ఒక చిన్న ప్రార్థన, మీరే చేయండి, రెండు నిమిషాలు దాటనివ్వకండి. ఇక ఒక ప్రశ్న అడగండి: "ఈ వారం మీకు బరువుగా ఉన్నది ఒకటి చెప్పండి." అడిగి, ముందు మీరే జవాబు చెప్పండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీరు ఏ లోతుకు దిగితే వాళ్లు ఆ లోతుకే దిగుతారు. "పని ఒత్తిడి ఎక్కువగా ఉంది, ప్రార్థించండి" అని మీరంటే నలుగురూ పని ఒత్తిడి గురించే చెప్పి లేచి వెళ్లిపోతారు.

మా మొదటి శనివారం నేను నా తమ్ముడితో పొలం హద్దు దగ్గర మాట పట్టింపు వచ్చి ఏడాదిగా పలకరింపు లేదని చెప్పాను. చెప్పేసరికి గొంతు ఎండిపోయింది. తర్వాత ఆటో అన్న వంతు. అతను తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పుతూ చాలాసేపు నేల చూశాడు. పక్క వీధిలో పాలవాడి గంట వినిపించింది. "మా అబ్బాయి నాతో మాట్లాడి మూడు నెలలైంది. ఒకే గదిలో పడుకుంటాం" అన్నాడు. అంతే. మాకెవరికీ ఏం చెప్పాలో తోచలేదు. గుమాస్తా తమ్ముడు ఒక వాక్యం చెప్పబోయాడు, మాస్టారు గారు మెల్లగా అతని మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. కాసేపటికి మాస్టారే అడిగారు: "ఆ రోజు ఏం జరిగింది నాయనా?" అతను చెప్పాడు. సగంలో ఏడ్చాడు. ఎవరమూ సలహా ఇవ్వలేదు. అతని పేరు, కొడుకు పేరు చెప్పి ప్రార్థన చేసి, టీ తాగి లేచాం.

సలహా ఇవ్వకపోవడం నేర్చుకోవాలి, ఇది మగవాళ్లకు కష్టం. ఎదుటివాడు బాధ చెప్పగానే మనకు పరిష్కారం చెప్పాలనిపిస్తుంది, అదీ కాకపోతే వాక్యం చెప్పి మూత పెట్టాలనిపిస్తుంది. బైబిల్లో సర్వం పోగొట్టుకున్న యోబును చూడవచ్చిన స్నేహితులు చేసిన మంచి పని ఏదైనా ఉందంటే అది మొదటి ఏడు రోజులు నోరు మూసుకుని అతనితో నేల మీద కూర్చోవడమే. నోరు విప్పాక వాళ్లు చేసినదంతా గాయమే. కాబట్టి మొదటి ఎనిమిది వారాలకు ఈ నియమం పెట్టండి: అడిగితే తప్ప సలహా లేదు, ప్రశ్న మాత్రం అడగవచ్చు.

5. ప్రతి వారం అడగవలసిన నాలుగు ప్రశ్నలు

నాలుగో వారం నుంచి ఒక్క ప్రశ్నను నాలుగు చేయండి. మేము అడుగుకునేవి ఇవి. ఈ వారం దేవుని వాక్యం ముందు ఎన్ని రోజులు కూర్చున్నావు? ఇంట్లో నీ నాలుక ఎలా ఉంది? డబ్బు విషయంలో ఎవరికీ చెప్పుకోలేని పని ఏదైనా చేశావా? నీ కళ్లు, నీ ఫోను శుభ్రంగా ఉన్నాయా? చివరి ప్రశ్న దగ్గర మొదట్లో అందరూ నవ్వుతారు. ఆ నవ్వు ఆగాక మౌనం వస్తుంది, ఆ మౌనాన్ని చెడగొట్టకండి.

ఇది కొత్తగా పుట్టిన పద్ధతి కాదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ అనుచరులు తమ మందిరం అప్పు తీర్చడానికి ఒక ఏర్పాటు చేసుకున్నారు: సంఘాన్ని పన్నెండు మంది చొప్పున విడదీసి, ఒక్కో నాయకుడు వారానికోసారి తన వాళ్ల దగ్గర ఒక పెన్నీ వసూలు చేయాలి. వసూలుకని ఇళ్లకు వెళ్లిన నాయకులు, ఒక ఇంట్లో భార్యతో గొడవ పడుతున్న సభ్యుణ్ణి చూశారు, ఇంకొక చోట తాగి ఉన్న సభ్యుణ్ణి చూశారు. వచ్చి వెస్లీకి చెప్పారు. అప్పటి నుంచి ఆ పన్నెండేసి మంది గుంపులు డబ్బు వసూలు కోసం కాక, ఒకరి ఆత్మ గురించి ఒకరు అడుగుకోవడం కోసం నడిచాయి. ఆ వెస్లియన్ సంఘపు మిషనరీలే తర్వాత మెదక్ వచ్చారు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వారు కట్టించినదే. ఆ రాతి గోపురాన్ని చూడటానికి మనం బస్సులు కట్టుకుని వెళతాం. గడప దాటి ఇంట్లోకి వెళ్లి "ఎలా ఉన్నావు, నిజం చెప్పు" అని అడిగే అలవాటు కూడా ఆ సంఘం నుంచి వచ్చినదే.

జవాబు లేని వారానికి జవాబు బలవంతంగా లాగకండి. "ఈ వారం చెప్పలేను" అనడం కూడా నిజాయితీ గల జవాబే. అయితే వరుసగా నాలుగు వారాలు అదే జవాబు వస్తే అతనితో విడిగా ఒక సాయంత్రం నడవండి.

6. రహస్యం

మూడో నెలలో మా సహవాసం దాదాపు కూలిపోయింది. ఒక సోదరుడు చెప్పుకున్న మాటను మాలో ఒకరు ఇంట్లో భార్యతో అన్నారు. చెడ్డ మనసుతో కాదు, ప్రార్థన చేయమనే అన్నారు. బుధవారం స్త్రీల కూటంలో ఆ మాట ప్రార్థన అంశంగా పైకి వచ్చింది. పేరు చెప్పలేదు, కానీ చెప్పవలసిన అవసరం లేకుండానే అందరికీ తెలిసిపోయింది. ఆ సోదరుడి భార్య ఆ కూటంలోనే కూర్చుని ఉంది. అతను ఆరు నెలలు గుడికి రాలేదు. మిగిలినవాళ్లం అతని ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి క్షమించమని అడిగాం. మొదటి రెండుసార్లు తలుపు తీయలేదు.

కాబట్టి మొదటి రోజే నోటితో చెప్పించండి, ఒక్కొక్కరి చేత విడివిడిగా: "ఇక్కడ విన్నది నా భార్యకు చెప్పను, పాస్టరు గారికి చెప్పను, ప్రార్థన అంశంగా కూడా ఎక్కడా పెట్టను." చివరి ముక్క వదిలేయకండి, మన సంఘాల్లో రహస్యాలు ఎక్కువగా బయటపడేది ప్రార్థన అంశాల దారినే. వాట్సాప్ గుంపు పెడితే సమయం, చోటు తెలియజేయడానికే వాడండి. ఎవరి మాటలనూ అందులో రాయవద్దు.

అయితే రహస్యానికి హద్దు ఉంది, ఆ హద్దును కూడా మొదటి రోజే చెప్పాలి. ఒక పిల్లవాడికో ఆడపిల్లకో హాని జరుగుతోందని తెలిస్తే, భార్యను కొడుతున్నానని ఎవరైనా చెబితే, చచ్చిపోవాలనిపిస్తోందని అంటే ఆ మాట నలుగురి మధ్య ఉండిపోకూడదు. పిల్లల విషయానికి 1098, స్త్రీల రక్షణకు 181, మానసిక వేదనకు టెలిమానస్ 14416 ఉన్నాయి. ఈ నంబర్లు మీ బైబిలు అట్ట లోపల రాసుకోండి. చచ్చిపోవాలని ఉందన్న వాణ్ణి ఆ రాత్రి ఒంటరిగా ఇంటికి పంపకండి. కొట్టే భర్తను ప్రార్థనతో సరిపెట్టి పంపడం అతని భార్యకు ద్రోహం చేయడమే. "సర్దుకుపో అమ్మా" అని ఆమెకు చెప్పే పని పురుషుల సహవాసానిది కాదు. ఆమె క్షేమంగా ఉండేలా చూడటం, అతన్ని జవాబుదారీగా నిలబెట్టడం మన పని.

7. వాక్యం

ఒక భాగం చాలు, పదిహేను వచనాల లోపు. వంతులవారీగా పైకి చదవండి. చదువు రాని సోదరుడుంటే మీరే రెండుసార్లు చదివి వినిపించండి, వంతుల పద్ధతి అతన్ని సిగ్గుపడేలా చేస్తుంది. మగవాళ్లకు బోధన పాఠాల కన్నా మనుషుల కథలు త్వరగా అందుతాయి. దావీదు అడవిలో దాక్కున్నప్పుడు యోనాతాను అక్కడిదాకా వెళ్లి అతనికి ధైర్యం చెప్పడం, నాతాను దావీదుకు గొర్రెపిల్ల కథ చెప్పి "ఆ మనుష్యుడవు నీవే" అనడం, ఏలీ తన కొడుకుల తప్పులు తెలిసి కూడా అడ్డుకోకపోవడం, యోసేపు అన్నలను క్షమించడం, పేతురు చలిమంట దగ్గర ప్రభువును ఎరగనని చెప్పి, తర్వాత సముద్రం ఒడ్డున మరొక బొగ్గుల మంట దగ్గర ప్రభువు చేతి చేప తినడం. ఎనిమిది వారాలకు వీటితో సరిపోతుంది. అడగవలసింది: ఇతను ఎక్కడ తప్పటడుగు వేశాడు, ఎవరు అతనికి తోడు నిలిచారు, నా ఇంట్లో ఇది ఎక్కడ జరుగుతోంది. ఏలీ కథ చదివిన రోజు మాలో ఇద్దరు తండ్రులు చాలాసేపు మాట్లాడలేదు.

8. చేతులతో కలిసి పని చేయండి

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడలేని మగవాడు పక్కపక్కన పని చేస్తూ మాట్లాడతాడు. నెలలో ఒక శనివారం వాక్యం పది నిమిషాలు చదివి, మిగతా సమయం పనికి ఇవ్వండి. సమాధుల తోటలో ముళ్లపొదలు కొట్టడం, విధవరాలి ఇంటి రేకులకు కన్నాలు పూడ్చడం, గుడి వెనుక మురుగు కాలువ తీయడం, డయాలిసిస్‌కు వెళ్లే సోదరుడికి వంతులు వేసుకుని ఆసుపత్రికి తోడు వెళ్లడం. చావు ఇంట గొయ్యి తవ్వే పని, పెట్టె మోసే పని ఎప్పుడూ ఎవరో ఒక పేద కుటుంబం మీద పడుతుంటే, ఇక నుంచి ఆ పని సహవాసానిది అనండి. ఉద్యోగి చేతిలో పార చూసినప్పుడు సంఘంలో వచ్చే మార్పు ఏ ప్రసంగంతోనూ రాదు.

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయం యెరూషలేము గోడ కట్టినవారి పేర్ల జాబితా అని మనం దాటేస్తాం. ఒకసారి ఆగి చదవండి. యాజకుడు, కంసాలి, పరిమళ ద్రవ్యాలు చేసేవాడు, కూతుళ్లతో కలిసి పని చేసిన అధికారి, ఒకరి పక్కన ఒకరు, చాలామంది తమ ఇంటికి ఎదురుగా ఉన్న గోడ ముక్కనే కట్టారు. పని భుజం మీద వేసుకోని ఘనుల సంగతి కూడా అందులో రాసి ఉంది.

ఇందులో ఒక జాగ్రత్త ఉంది. సాయాన్ని ఎరగా వాడకండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుగా తీసుకుని వేలమందికి కూలి, తిండి దొరికేలా చేశాడు. ఆ కరువు కాలంలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీరు ఎవరి ఇంటి రేకులు బాగు చేసినా, "ఆదివారం గుడికి రావాలి మరి" అనకుండా నిచ్చెన దిగి రండి.

9. తాగుడు గురించి ఎవరైనా నోరు విప్పినప్పుడు

ఇది వస్తుంది. మొదటి ఆరు నెలల్లోనే వస్తుంది. మన సంఘాల్లో తాగేవాణ్ణి బల్లకు దూరం పెట్టడం తెలుసు, దగ్గరికి తీయడం అంతగా తెలియదు. అతను చెప్పినప్పుడు ముఖంలో ఆశ్చర్యం కనిపించనివ్వకండి. "ఎంత, ఎప్పటి నుంచి, రోజూనా" అని మామూలు గొంతుతో అడగండి.

రోజూ ఎక్కువగా తాగే మనిషి చేత "ఈ రాత్రి నుంచి మానేస్తాను" అని ప్రమాణం చేయించి ఇంటికి పంపడం ప్రమాదం, దయచేసి గుర్తుంచుకోండి. ఏళ్ల తరబడి తాగిన శరీరం ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. దాన్ని దయ్యం అనుకుని ప్రార్థన చేస్తూ కూర్చున్న ఇళ్లను నేను చూశాను. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, మీలో ఒకరు వెంట వెళ్లండి. వ్యసన విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది, దగ్గరలోని కేంద్రం వివరాలు వారు చెబుతారు. వైద్యంతో పాటు ప్రార్థన చేయండి, వైద్యానికి బదులు కాదు.

ఆ తర్వాత మొదటి నెల సాయంత్రాలే గండం. పని దిగి ఇంటికి వెళ్లే దారిలో, దుకాణం వచ్చే మలుపు దగ్గర, ఆరున్నర గంటలకు అతని ఫోను మోగాలి. వారానికి ఏడు రోజులు, నలుగురు మనుషులు, వంతులు వేసుకోండి. మళ్లీ జారిపడితే, పడతాడనే అనుకోండి, మరుసటి రోజు ఉదయం అదే మామూలు గొంతుతో ఇంటికి వెళ్లండి.

10. డబ్బు

పురుషుల సహవాసాలు విడిపోయేది ఎక్కువగా డబ్బు దగ్గరే. రెండు నియమాలు రాసి పెట్టుకోండి. ఒకటి, సహవాసంలో ఒకరికొకరు అప్పు ఇచ్చుకోరు. ఇవ్వాలనిపిస్తే తిరిగి రాదనుకుని ఇవ్వండి, అది కానుక. రెండు, ఒకరి అప్పుకు ఇంకొకరు హామీ సంతకం పెట్టరు. సామెతల గ్రంథం ఒకరి అప్పుకు పూచీ ఉండవద్దని అన్నిసార్లు ఎందుకు హెచ్చరించిందో ఒక్క సంతకంతో ఇల్లు పోగొట్టుకున్నవాణ్ణి అడిగితే తెలుస్తుంది.

అప్పులో ఉన్న సోదరుడికి మీరు చేయగల మేలు, ఒక సాయంత్రం కాగితం, పెన్ను పట్టుకుని అతని పక్కన కూర్చోవడం. ఎవరికి ఎంత, ఎంత వడ్డీకి, అన్నీ రాయించండి. మూడు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు మూడు వేలు, ఏడాదికి 36 వేలు. ఆ అంకె కాగితం మీద చూసేదాకా చాలామందికి తెలియదు, భార్యకు అసలే తెలియదు. రెండోసారి కూర్చున్నప్పుడు ఆమెను కూడా కూర్చోబెట్టమనండి. ముందు పెద్ద వడ్డీ తీర్చడం, ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువ పెట్టి బయటి వడ్డీ అప్పు తీర్చడం వంటి దారులు అప్పుడు కనిపిస్తాయి.

ఒక శనివారం అందరినీ బ్యాంకుకు తీసుకెళ్లండి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే కుటుంబానికి రెండు లక్షలు. జీవన్ జ్యోతి బీమా 436 రూపాయలు, 18 నుంచి 50 ఏళ్ల లోపు చేరవచ్చు, ఏ కారణంతో పోయినా రెండు లక్షలు. మే నెలాఖరుకు ఖాతాలో ఆ సొమ్ము ఉండేలా ఒకరికొకరు గుర్తు చేసుకోండి. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని పౌలు తిమోతికి రాశాడు. ఆ వాక్యానికి లోబడటం అంటే కొన్నిసార్లు బ్యాంకు కౌంటరు ముందు వరుసలో నిలబడటం.

11. ఇల్లు

ఎనిమిది వారాలు పూర్తయ్యాక ఒక పని చేయండి. ప్రతి ఒక్కరూ ఇంటికి వెళ్లి భార్యను ఒక మాట అడగాలి: "నాలో ఏదైనా మార్పు కనిపించిందా?" జవాబు ఏదైనా వాదించకుండా విని, మరుసటి వారం నలుగురికీ చెప్పాలి. మా గుమాస్తా తమ్ముడి భార్య చెప్పిన జవాబు: "శనివారం తెల్లవారుజామున లేచి వెళుతున్నారు, బాగానే ఉంది. వచ్చాక నీళ్ల బిందె మాత్రం నేనే మోస్తున్నాను." అతను మర్నాటి నుంచి బిందె మోశాడు. పరిశుద్ధత గురించి మేము మాట్లాడుకున్న మాటలన్నిటికన్నా ఆ బిందె నాకు ఎక్కువ గుర్తుంది.

పిల్లల విషయంలో తండ్రులు చేయవలసింది ఏమీ పెద్దది కాదు. వారానికి ఒక అరగంట ఫోను పక్కన పెట్టి ఒక్కొక్క పిల్లవాడితో విడిగా ఉండటం. ఆటో అన్న కొడుకును ఆదివారం మధ్యాహ్నాలు ఆటో కడగడానికి పిలిచేవాడు. రెండు నెలలు ఆ అబ్బాయి మాట్లాడకుండానే కడిగాడు.

12. పెరిగినప్పుడు, ఎండిపోయినప్పుడు

ఎనిమిది మంది అయితే రెండుగా విడిపోండి. విడిపోవడం బాధగానే ఉంటుంది, అయినా తప్పదు, తొమ్మిదో మనిషి వచ్చాక ఎవరో ఒకరు మాట్లాడటం మానేస్తారు. రెండో గుంపుకు పాత నలుగురిలో ఇద్దరు వెళ్లాలి. మూడు నెలలకోసారి అన్ని గుంపులూ కలిసి ఒక పూట వండుకుని తినండి, వంట మగవాళ్లే చేయాలి, గిన్నెలు కూడా వాళ్లే కడగాలి.

నాలుగో నెలలో హాజరు తగ్గుతుంది. ఒక శనివారం మీరొక్కరే కుర్చీ వేసుకుని కూర్చోవలసి వస్తుంది. నాకు వరుసగా రెండు వారాలు అలా జరిగింది. ఆ గంటా పదిహేను నిమిషాలూ అక్కడే ఉండండి. పేర్ల పుస్తకం తీసి ప్రార్థన చేయండి, టీ తాగండి, సమయానికి తాళం వేయండి. తర్వాత అక్కడి నుంచి నేరుగా రానివారి ఇళ్లకు వెళ్లండి.

ఆ ఇంటికి ఎలా వెళ్లాలో కూడా చెబుతాను. ఒక్కరే వెళ్లండి, బైబిలు చేతిలో పట్టుకుని వెళ్లకండి. "ఎందుకు రాలేదు" అని అడగకండి. గుమ్మంలో చెప్పులు విడిచి, "ఇటు వెళుతూ నిన్ను చూసి పోదామని వచ్చాను" అనండి. కూర్చోమంటే కూర్చోండి. అతను చేస్తున్న పనిలో, గేదెకు నీళ్లు పెట్టడమో, బండికి గాలి కొట్టడమో, ఒక చెయ్యి వేయండి. లేచేటప్పుడు ఇంత చెప్పండి: "శనివారం నీ కుర్చీ వేసే ఉంచుతాం." ఆ శనివారం నిజంగానే వేసి ఉంచండి, అతను రాకపోయినా.